నాయనమ్మ వదిలిన గాలి

మూడింటికి తెలుస్తుంది. ఇప్పుడు రెండూ ఐదు. ఈతకొలను గోడమీది గడియారం ఎంత పెద్దదంటే నిమిషాల ముల్లు ముందుకు జరగబోయే ముందు ఒక్క క్షణం వణకడం కూడా ఇక్కణ్ణుంచి కనిపిస్తుంది, దానికీ చలేస్తోందేమో అనుకుంది దార్తా, గడ్డందాకా వేడినీళ్ళలో మునిగి కూర్చుని. నెత్తిమీద మాత్రం మంచూ వానా కలిసి పడుతున్నాయి. మే నెల. దీన్ని వసంతం అంటారు ఈ ఉత్తరపు దీవి రాజధాని రేక్యావిక్‌లో, ఏమాత్రం మొహమాటం లేకుండా. ఫోను లోపల బట్టలు మార్చుకునే గదిలో, అరలో, తాళం వేసి ఉంది. తాళంచెవి రబ్బరు పట్టీతో మణికట్టుకు ఉంది. మూడింటికి విశ్వవిద్యాలయం వాళ్ళు మార్కులు పెడతారు, ఆ మార్కులు చూసి స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళు రెండో ఏడాదికి పేర్లు ఉంచుతారు, లేదా కొట్టేస్తారు. అంతవరకూ ఫోను దగ్గరుంటే నిమిషానికోసారి దాని మొహం చూడాల్సి వస్తుందని కావాలనే దాన్ని అక్కడ బంధించి వచ్చింది. వచ్చి, నిమిషానికోసారి గడియారం మొహం చూస్తోంది.

"ఉత్తరపు గాలి," అన్నాడు హఫ్లిది కళ్ళు మూసుకునే.

"ఈశాన్యం," అంది స్టేన్‌వోర్.

"నలభై ఏళ్ళు సముద్రమ్మీద ఉన్నవాణ్ణి నేను."

"ఇంజన్ గదిలో ఉన్నావు. అక్కడ నీకు గాలి ఎక్కడిది?"

రోజూ ఇదే. ఎనభై ఒక్కేళ్ళ హఫ్లిది చేపల పడవల్లో ఇంజన్లు చూసేవాడు, ఆ ఇంజన్ల మోతకే ఎడమ చెవి పోయింది, అందుకని స్టేన్‌వోర్ ఎప్పుడూ అతని కుడివైపే కూర్చుంటుంది, తిట్టింది వినబడకపోతే తిట్టి ప్రయోజనం ఏముంది. స్టేన్‌వోర్ తపాలా ఆఫీసులో పనిచేసి విరమించింది, దార్తా ఉండేది ఆవిడ ఇంట్లోనే, వంటగది పక్క గదిలో. ఈశాన్యం. ఆ మాట చెవినపడినప్పుడల్లా దార్తాకి లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది, పాత ప్రేమ కదా మరి. పదకొండేళ్ళ వయసులో, లాట్వియాలో, తన ఊరు కుల్దీగాలో, వంటింటి కిటికీమీద నాన్న బాగుచేసి పెట్టిన రేడియోలో, చలికాలం సాయంత్రాలు ఎక్కణ్ణుంచో ఒక ఆడగొంతు వచ్చేది. లాట్వియన్ కాదు, రష్యన్ కాదు, దేనికీ పోలిక లేని భాష. ఆవిడ తొందర లేకుండా, ఆగకుండా చదువుకుంటూ పోయేది, ఒక్కొక్క పేరూ చెప్పడం, కాస్త ఆగడం, మళ్ళీ ఇంకో పేరు. అదొక కథ అనుకుంది దార్తా. ఆ కథలో మాటిమాటికీ వచ్చే పేరొకటి ఉండేది, నోర్దౌస్తన్. రాజకుమారుడై ఉంటాడు. ఒక రోజు నోర్దౌస్తన్ ఒక్కసారే వచ్చేవాడు, ఒక రోజు పదిసార్లు. పదిసార్లు వచ్చిన రోజు దార్తాకి హాయిగా నిద్రపట్టేది. అతని గుర్రం రంగూ, అతని కోపతాపాలూ అన్నీ తనే కల్పించుకుంది. పద్దెనిమిదేళ్ళ తరవాత, ఇక్కడికొచ్చిన మూడోవారం, తరగతిలో మాస్టారు కోల్‌బేన్ నల్లబల్లమీద దిక్కులు రాస్తూ ఆ పేరు రాశాడు. ఈశాన్యపు గాలి, సెకనుకు ఇన్ని మీటర్లు. చేపల పడవలకి వాతావరణ సమాచారం. ఆ రోజు తరగతి అయ్యాక మరుగుదొడ్డిలో కూర్చుని కాసేపు ఏడ్చింది, విధవరాలు ఏడ్చినట్టు.

ఆ సంగతి స్కాలర్‌షిప్ దరఖాస్తులో రాయగలదా ఎవరైనా? 'మా భాషను ఎందుకు నేర్చుకోదలిచారు' అని అడిగారు, మూడువందల మాటలకు మించకుండా. తోలుమీద రాసిన ప్రాచీన గ్రంథాలను మూలంలో చదవాలని నా చిరకాల వాంఛ అని రాసింది. తరవాత తెలిసింది, తరగతిలో పదిహేనుమందీ అదే రాశారట, ఆ తోలు అందరినీ కాపాడింది. ఇటలీ ఉబాల్డో వచ్చింది పొట్టి గుర్రాల కోసం. జపాన్ తకామిత్సుకి నాచు అంటే ప్రాణం, రాళ్ళమీద పెరిగే నాచు, లావామీద పరుపులా పరుచుకున్న దాన్ని చూస్తే మనిషి మోకాళ్ళమీద కూలబడిపోతాడు. తను రేడియోలో గాలిని ప్రేమించి వచ్చింది. ఈ ప్రభుత్వం మాత్రం పాపం, ఏటా ఇంతమంది పరదేశులకు కూడూ గూడూ ఇచ్చి, తన భాష నేర్పించి, తోలు గ్రంథాలు చదివిస్తున్నాననుకుంటూ ఉంటుంది.

రెండూ పన్నెండు. అమ్మ అయితే స్కాలర్‌షిప్ ఉత్తరం వచ్చిన రోజున దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "అసలు ఆ దేశంలో మనుషులెంతమందే?" అంది. చెప్పింది దార్తా. "మన రీగాలో ట్రాములెక్కేవాళ్ళే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు కదే. ఆ భాష నేర్చుకుని ఎవరితో మాట్లాడతావు?" ఆ మాటకప్పుడు కోపం వచ్చింది, ఇంత దూరదృష్టి ఉన్న అమ్మమీద కోపం తెచ్చుకోకుండా ఉండాల్సింది. ఎందుకంటే నిజంగానే ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. అంటే మాట్లాడతారు, కానీ ఇంగ్లీషులో. బస్సులో డ్రైవరుని అడిగితే ఇంగ్లీషు. పుస్తకాల కొట్లో వ్యాకరణం పుస్తకం ఉందా అని వాళ్ళ భాషలో, మూడుసార్లు లోపల చెప్పుకుని, విభక్తులన్నీ సరిచూసుకుని అడిగితే, ఆ కుర్రాడు నవ్వి, మీ ఉచ్చారణ చాలా బాగుంది అని ఇంగ్లీషులో మెచ్చుకున్నాడు. దయగల జనం. ఎదుటివాడు వాళ్ళ మాటలు ఒక్కొక్కటే గులకరాళ్ళలా నోట్లోంచి తీస్తుంటే చూడలేరు, వెంటనే ఇంగ్లీషు అందిస్తారు, మునిగిపోయేవాడికి తాడు అందించినట్టు. వద్దు బాబూ, నేను మునగడానికే వచ్చాను అని చెప్పాలనిపిస్తుంది. అది చెప్పడానికి కావలసిన క్రియ ఏదో గుర్తొచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోతారు.

ఇక అంకెలు. ఈ భాషలో ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలకి మగా ఆడా నపుంసకమూ ఉన్నాయి, పైగా విభక్తులు. రొట్టెల అంగట్లో దాల్చినచెక్క చుట్టలు రెండు కొనాలంటే ఆ చుట్ట మగదో ఆడదో ముందు తేలాలి. గాజు బల్ల వెనక పిల్ల చూస్తూ ఉంటుంది, వెనక వరస పెరుగుతూ ఉంటుంది, చుట్ట తన లింగం చెప్పకుండా పంచదార రాసుకుని పడుకుని ఉంటుంది. ఐదు నుంచి ఆ బాధ లేదు. ఐదుకి లింగం లేదు, విభక్తి లేదు, ఐదు అంటే ఐదే. అందుకని దార్తా ఎప్పుడూ ఐదే కొంది. ఐదు చుట్టలు, ఐదు బన్నులు, ఒకసారి ఐదు దుప్పట్లు కూడా, అవి మళ్ళీ తిరిగిచ్చే మాటలు రాక మూడు ఇప్పటికీ మంచం కింద ఉన్నాయి. అక్టోబరు కల్లా పాత లంగా నడుముకి పట్టడం మానేసింది. ఆ అంగట్లో పిల్ల లిథువేనియా నుంచి వచ్చిందని, ఆమెకీ ఆ చుట్ట లింగం తెలియదని, వచ్చినవాళ్ళు ఐదు అడిగితే ప్రాణం లేచివస్తుందని నవంబరులో తెలిసింది.

అప్పట్లో, నవంబరులోనే, స్టేన్‌వోర్ చచ్చిపోబోయింది. అంటే, దార్తా అలా అనుకుంది. ఆదివారం మధ్యాహ్నం తన గదిలో క్రియలు వల్లెవేస్తూ కూర్చుంటే వంటగదిలోంచి ముసలావిడ ఊపిరి అందక ఎగపీల్చడం వినబడింది. ఒకసారి. కాసేపు ఆగి మళ్ళీ. హుఁప్ అని లోపలికి. మళ్ళీ హుఁప్. బయటికి వదలడం లేదు. తలుపు కొద్దిగా తీసి చూస్తే వీపు కనబడింది, కుర్చీలో ముందుకు వంగి, ఒక చేత్తో చెవి పట్టుకుని. దార్తా అత్యవసర నంబరుకి చేసింది. ఈ దేశంలో ఒక మనిషితో ఆమె పూర్తిగా ఒక్క ముక్క ఇంగ్లీషు లేకుండా మాట్లాడిన మొదటి సంభాషణ అదే. ముసలావిడకి గాలి లోపలికి పోతోంది, బయటికి రావడం లేదు అంది. అవతలి మనిషి వెంటనే ఇంగ్లీషులోకి దిగాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ రోషం, "నేను మీ భాష నేర్చుకోవడానికి మీ ప్రభుత్వం నాకు స్కాలర్‌షిప్ ఇస్తోంది, దయచేసి మీ భాషలోనే మాట్లాడండి" అంది, పక్కగదిలో ఒక మనిషి పోతోందనుకుంటూ కూడా. ఎనిమిది నిమిషాల్లో ఇద్దరు బండెడు సామానుతో వచ్చారు. స్టేన్‌వోర్ వాళ్ళని చూసి, చెవి దగ్గరి ఫోను దించి, "మా చెల్లెలితో మాట్లాడుతున్నాను, ఏమైంది?" అంది. చెల్లెలు మాట్లాడుతుంటే ఈవిడ అవును అవును అంటోంది. వీళ్ళు అవును అనే మాటని ఊపిరి లోపలికి పీలుస్తూ అంటారని ఏ వ్యాకరణం పుస్తకంలోనూ లేదు. వచ్చిన ఇద్దరిలో ఒకడు స్టేన్‌వోర్ మేనమామ మనవడు, ఇక్కడ ఎవరొచ్చినా ఎవరికో మనవడే. వాళ్ళకి పల్చటి అట్లు పోసి పెట్టి, కాఫీ ఇచ్చి పంపించి, స్టేన్‌వోర్ తిరిగి వచ్చి దార్తా ముందు నిలబడింది. ఇల్లు ఖాళీ చేయమంటుందని ఎదురుచూసింది దార్తా.

"నా ప్రాణం కోసం ఎవరూ ఇంత గాభరాపడింది లేదు తల్లీ," అంది ఆవిడ. "మా ఆయన కూడా పేపరు చదవడం పూర్తిచేసి అడిగేవాడు. రేపు రెండింటికి నాతో రా. నీళ్ళలో కూర్చుందువుగాని. మనుషులు ఊపిరి ఎలా తీస్తారో నేర్చుకుందువుగాని."

అలా వచ్చింది ఈ వేడినీళ్ళ గుండానికి. నలభై రెండు డిగ్రీలు అని రాతిమీద రాసి ఉంటుంది. మొదటిరోజు ఈత బట్టలతోనే స్నానం చేయబోతే కాపలా ఆవిడ పరిగెత్తుకొచ్చి, సబ్బు పెట్టి ఎక్కడెక్కడ తోముకోవాలో గోడమీది బొమ్మలో ఎర్రరంగు చోట్లు ఒక్కొక్కటే వేలితో చూపించి మరీ విప్పించింది, ఆ అవమానం అయ్యాక ఈ లోకంలో ఇక దేనికీ సిగ్గుపడే పని లేదనిపించింది. నిన్నటిదాకా అలాగే అనిపించింది.

రెండూ ఇరవై మూడు. నిన్న.

నిన్న గురించి అనుకోకూడదు. గుండం గురించి అనుకోవాలి. ఈ గుండంలో ఎవరూ ఇంగ్లీషు అందించలేదు, హఫ్లిదికి రాదు, స్టేన్‌వోర్‌కి వచ్చు కానీ ఓపిక లేదు. నీళ్ళలో కూర్చున్నవాళ్ళకి తొందరుండదు, గులకరాయి నోట్లోంచి వచ్చేదాకా కూర్చుంటారు. అందరూ అందరికీ నువ్వే. లాట్వియాలో మాస్టారినీ పొరుగింటి ముసలాయన్నీ మీరు అనే అలవాటుమీద ఎనభై ఒక్కేళ్ళ మనిషిని, హఫ్లిదీ, కాస్త జరుగు అనడానికి నెల పట్టింది. హఫ్లిది ఆమెకి చేపల పేర్లు చెప్పాడు, కారే గొట్టాన్ని ఏమంటారో చెప్పాడు, ఇంజన్ మొరాయిస్తే దాన్ని పిలవాల్సిన ఆరు పేర్లు చెప్పాడు. క్లాసులో కోల్‌బేన్ ఒకసారి అన్నాడు, దార్తా, నీ వ్యాకరణం పాఠ్యపుస్తకంలా ఉంటుంది, నీ మాటలు మాత్రం ఏదో ఓడ మునిగినప్పుడు బతికి బయటపడిన ముసలివాడివిలా ఉంటాయి అని. అది మెప్పు అనుకుంది. అన్నిటికన్నా నచ్చిన మాట ఒకటి ఉండేది. గాలి అంతగా లేని రోజున హఫ్లిది ఆకాశంకేసి చూసి, "ఇదీ ఒక గాలేనా? మా నాయనమ్మ వదిలిన గాలి ఇంతకన్నా గట్టిగా వీచేది" అనేవాడు. అది విని స్టేన్‌వోర్ నవ్వేది కాదు, ఆవిడ దాన్ని ముప్ఫై ఏళ్ళుగా వింటోందని దార్తాకి ఏం తెలుసు? ఇంటికెళ్ళి తన చిన్న నిఘంటువులో చూస్తే 'వాయువు, శ్వాస' అని ఉంది. నిట్టూర్పు అన్నమాట. ఎంత బాగుంది. ఆమె కళ్ళముందు ఒక నాయనమ్మ కనబడింది, నల్ల శాలువా కప్పుకుని కిటికీ దగ్గర నిలబడి, సముద్రంమీదికెళ్ళిన కొడుకుల్ని తలుచుకుని వదిలే నిట్టూర్పు, ఆ నిట్టూర్పు ముందు తుపాను ఏపాటిది. ఎంత లోతైన జనం వీళ్ళు అనుకుంది. దాన్ని నోటుపుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

అనుకోకూడదు అనుకుంటూనే వచ్చేశాను కదా, అనుకుంది. సరే. నిన్న, మౌఖిక పరీక్ష. రాతపరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, సగం మార్కులు దీనికే, ఇది తప్పితే రెండో ఏడు లేదు. బల్ల అవతల కోల్‌బేన్, అతని పక్కన బయటి సంస్థ నుంచి వచ్చిన పరీక్షకురాలు హల్‌వేగ్, బూడిదరంగు కోటు, బూడిదరంగు జుట్టు, పెదవులు కుట్టేసినట్టున్న మొహం. దార్తా లోపలికెళ్ళినప్పుడు నవ్వలేదు, కూర్చోమన్నప్పుడు నవ్వలేదు. ఒక బొమ్మ ముందు పెట్టారు. రేవు, రెండు పడవలు, ఒకావిడ మెడ గుడ్డ గాలికి ఎగురుతోంది. ఈ బొమ్మలో వాతావరణం ఎలా ఉంది? వాతావరణం! ఈ ప్రశ్న కోసమే పుట్టింది దార్తా. గాలి ఉంది అంది. ఎటునుంచి వీస్తోందో చెప్పింది. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగలేదు. ఈ జాతి ఆత్మ తనకి తెలుసని చూపించాలనిపించింది. చెయ్యి గుండెలమీద పెట్టుకుని, చూపు కిటికీవైపు తిప్పి, గొంతు తగ్గించి, "కానీ ఇదీ ఒక గాలేనా? నాయనమ్మ వదిలిన గాలి ఇంతకన్నా గట్టిగా వీచేది" అంది. కోల్‌బేన్‌కి దగ్గొచ్చింది. దగ్గుతూనే కుర్చీలోంచి లేచి గోడవైపు తిరిగాడు. హల్‌వేగ్ దగ్గలేదు. దార్తాని చూసింది, కాగితంకేసి వంగింది, ఏదో రాసింది, చాలాసేపు రాసింది, రాసినదాని కింద గీత గీసింది. ఆ నిశ్శబ్దాన్ని దార్తా భావోద్వేగం అనుకుంది! బయట వసారాలో తన వంతుకోసం కూర్చున్న తకామిత్సు, తలుపు పల్చన కావడం వల్ల అంతా విన్నవాడు, ఆమెని చూడగానే చెవులదాకా ఎర్రబడ్డాడు. "దార్తా," అన్నాడు, ఎప్పటిలాగే ఒక్క విభక్తి తప్పకుండా, "ఆ వాయువు నోటి ద్వారా వెలువడేది కాదు."

దార్తా ఒక్కసారిగా తల నీళ్ళలో ముంచేసింది. లోపల వేడిగా, మోతగా ఉంది. పైకి లేచేసరికి రెండూ ముప్ఫై నాలుగు. పోనీలే, ఉద్యోగం ఉంది, కుల్దీగా పశువుల ఆసుపత్రిలో కుక్కలకి టీకా కార్డులు రాసే ఉద్యోగం, వస్తానంటే రేపే రమ్మంటారు. కుక్క పేరు, రంగు, స్వభావం. స్వభావం అన్నచోట అందరూ 'మంచిది' అనే రాయమంటారు, డాక్టరు చేతికి కట్టు కట్టించుకుంటూ ఉన్నా సరే. లేదా ఇక్కడే ఉండి హోటల్లో పక్కలు సర్దుకోవచ్చు, అక్కడ అందరూ పోలిష్ మాట్లాడతారు, ఇంకో భాష వస్తుంది. ఏడవకూడదు. స్టేన్‌వోర్ ఏమంటోంది?

"పొద్దున్నించీ మెతుకు ముట్టలేదు ఈ పిల్ల," అంటోంది హఫ్లిది కుడిచెవిలో. "పరీక్ష తప్పుతానని."

"ఎందుకు తప్పుతుంది? నేను నేర్పాను కదా," అన్నాడు హఫ్లిది.

నువ్వు నేర్పావనే, అనుకుంది దార్తా. అతనికి చెప్పలేదు. ఏ మాట అన్నదో ఇద్దరికీ చెప్పలేదు, పొద్దున కాఫీ దగ్గర స్టేన్‌వోర్‌కి ఆ పరీక్షకురాలి మొహం గురించి మాత్రం చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదని ఆమెకి తెలియడానికి ఇంకా ఐదారు నిమిషాలు ఉంది.

గుండం మెట్లమీద రెండు కాళ్ళు దిగాయి. ఎర్రటి పువ్వులున్న రబ్బరు టోపీ, నల్ల ఈత దుస్తులు, ఇంత లావు తెల్లటి భుజాలు. అమ్మయ్య అన్నట్టు నీళ్ళలో కూలబడి ఎదురుగా కూర్చుంది ఆవిడ. మొహం ఎక్కడో చూసినట్టుంది. బూడిదరంగు కోటు లేకపోతే మనుషులు ఇంకోలా ఉంటారు. కళ్ళు కలిశాయి. ఆ పెదవులు. దేవుడా. హల్‌వేగ్.

ఆవిడా గుర్తుపట్టింది, అందరికీ కలిపి చిన్నగా తల ఊపి, గడియారంకేసి తిరిగింది. ఈ ఊళ్ళో అంతే, మంత్రిని చూడాలన్నా పళ్ళ డాక్టరుని తప్పించుకోవాలన్నా నీళ్ళలోనే. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే? పారిపోయినట్టుంటుంది. కూర్చుంటే? బతిమాలడానికి కాపు కాసినట్టుంటుంది. మార్కుల సంగతి ఆవిడ చెప్పకూడదు, తను అడగకూడదు. రెండూ నలభై. దార్తా తన మోకాళ్ళని చూస్తూ కూర్చుంది, నీళ్ళలో అవి వేరేవాళ్ళవిలా ఉన్నాయి.

"మా దార్తాకి మూడింటికి ఫలితం తెలుస్తుంది," అంది స్టేన్‌వోర్ కొత్తగా వచ్చిన మనిషితో, ఈవిడకి మాట కలపడానికి పరిచయం అక్కర్లేదు. "మన భాషలోనే పరీక్ష. లాట్వియా పిల్ల. తప్పితే స్కాలర్‌షిప్ పోతుంది, నాకు గది ఖాళీ అవుతుంది, నాకు ఫోనొస్తే అంబులెన్సు పిలిచే దిక్కుండదు."

"అలాగా," అంది హల్‌వేగ్.

"ఆ పరీక్షలు పెట్టేవాళ్ళని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఫిబ్రవరిలో పడవెక్కించాలి," అన్నాడు హఫ్లిది. "అప్పుడు తెలుస్తుంది ఎవరికి భాష వచ్చో."

"ఎవరో బయటినుంచి వచ్చిందట," అంది స్టేన్‌వోర్. "నవ్వడమే రాదట మహాతల్లికి. ఎండుచేపలా మొహం పెట్టుకుని కూర్చుందట. ఏమ్మా దార్తా, ఎండుచేప అనే కదూ అన్నావు?"

దార్తా నీళ్ళ అడుగున కాలు చాచి స్టేన్‌వోర్ కాలిమీద ఒక్కటి తన్నింది. తగిలింది మాత్రం స్టేన్‌వోర్‌కి కాదు. ఎదురుగా హల్‌వేగ్ భుజాలు ఉలిక్కిపడ్డాయి. క్షమించు అనాలి. తన్నినందుకా, ఎండుచేపకా, నాయనమ్మకా? ఒక్కొక్కదానికీ వేరే విభక్తి. నోరు తెరిచింది, మంచు లోపలికి పోయింది.

"కాడ్ చేపా, హాడక్ చేపా?" అని అడిగింది హల్‌వేగ్, చాలా మర్యాదగా.

"చేప రకం చెప్పలేదు," అంది స్టేన్‌వోర్.

అదే సమయంలో కొలను గట్టుమీద ఆరేసిన తువ్వాలు ఒకటి గాలికి ఎగిరి పడింది. పిల్లలెవరో కేకలేస్తూ దాని వెంటబడ్డారు. హఫ్లిది ఒక కన్ను తెరిచి చూశాడు. వద్దు హఫ్లిదీ, అనుకుంది దార్తా, నీకు పుణ్యముంటుంది, ఈ ఒక్కరోజుకి వద్దు. అతని ఛాతీ నిండింది, గడ్డం పైకి లేచింది.

"ఇదీ ఒక గాలేనా," అన్నాడు హఫ్లిది. "మా నాయనమ్మ వదిలిన గాలి ఇంతకన్నా గట్టిగా వీచేది."

హల్‌వేగ్ తల మెల్లగా అతనివైపు తిరిగింది. అతన్ని చూసింది. అతనిమీంచి దార్తాని చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. ఒక పెద్ద లెక్క ఎదురుగా తేలిపోతున్న మొహం అది.

"నీది ఏ ఊరు?" అని అడిగింది హఫ్లిదిని.

"పడమటి ఫ్యోర్డులు, ఆ సముద్రపు పాయల ఒడ్డున. ఇప్పుడా ఊళ్ళో ఎవరూ లేరు, గొర్రెలున్నాయి."

"మా నాన్నదీ అటే. ఆయన ఈ మాట అన్నప్పుడల్లా మా అమ్మ ఆయన కాఫీ కప్పు తీసేసుకునేది. నాన్న పోయి ఇరవై రెండేళ్ళు." ఆవిడ టోపీ కిందనుంచి కారుతున్న నీళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ ఎవరి నోటా వినలేదు, నిన్నటిదాకా."

"నిన్న ఎక్కడ విన్నావు?" అంది స్టేన్‌వోర్ కుతూహలంగా.

"పనిచేసే చోట."

"ఏం పని చేస్తావేమిటి నువ్వు?"

హల్‌వేగ్ పెదవుల చివర్లు కిందికి లాక్కుంటున్నాయి, గట్టిగా, ఇంకా గట్టిగా, నిన్న కూడా అచ్చంగా ఇలాగే లాక్కుపోయాయి, దార్తాకి అప్పుడు తట్టింది, ఇది ఎండుచేప మొహం కాదు, పరీక్ష గదిలో పకపకా నవ్వకూడని మనిషి మొహం. భుజాలు అదురుతున్నాయి. చుట్టూ నీళ్ళలో చిన్న చిన్న అలలు పుట్టి దార్తా గడ్డానికి తగులుతున్నాయి. ఆవిడ దీర్ఘంగా ఊపిరి పీల్చుకుని, సర్దుకుని, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు గుండం అంచుమీద పేరుకుంటున్న మంచుని వేలితో గీసింది.

"ఇప్పుడిదేం బాగుంది," అంది దార్తాతో, మొదటిసారి నేరుగా. "వచ్చే చలికాలం నువ్విక్కడ ఉన్నప్పుడు పొద్దున్నే రా, చీకటుండగానే. అప్పుడు చూడాలి దీని అందం."

రెండూ నలభై తొమ్మిది. ఆ వాక్యం దార్తా తలలోకి వచ్చి కూర్చుంది, దార్తా దాన్ని చూస్తూ కూర్చుంది. తొమ్మిది నెలలుగా చేస్తున్న పనే కదా, వాక్యం దొరికితే విప్పడం. పొద్దున్నే, చీకటుండగానే, అవి సరే. నువ్విక్కడ. సరే. ఉంటే కాదు. ఒకవేళ ఉండేటట్టయితే కాదు. అనుమానం కలిగించే క్రియకి వీళ్ళ భాషలో వేరే రూపమే ఉంది, దానికి నాలుగు పట్టికలున్నాయి, చలికాలమంతా ఆ పట్టికలతో పడుకుని ఆ పట్టికలతో లేచింది, అది ఇక్కడ లేదు. ఉన్నప్పుడు అంది. జరిగే పనికి, జరుగుతుందని తెలిసిన పనికి మాత్రమే వాడే రూపం. పొరపాటు కావచ్చా? ఇంకెవరైనా అయితే కావచ్చు. ఈవిడ పరీక్షకురాలు, క్రియారూపాలమీద బతికే మనిషి, పొరపాటున కూడా నిజమే మాట్లాడుతుంది. ఉన్నప్పుడు. దార్తా తల ఎత్తింది.

హల్‌వేగ్ తను అన్నదేమిటో అప్పుడే విన్నట్టుంది. మెడదగ్గర మొదలైన ఎరుపు టోపీ పువ్వులదాకా పాకింది. "నేనేం అనలేదు," అంది, ఎవరూ ఏమీ అడగకుండానే. లేచి, మెట్లెక్కి, గబగబా నడిచి, పక్కనే ఉన్న ఐసునీళ్ళ తొట్టిలో మెడదాకా దిగిపోయింది. మామూలుగా మనుషులు అందులో అరనిమిషం ఉంటారు, ఆవిడ బయటికి రాలేదు.

"ఏమైందావిడకి?" అంది స్టేన్‌వోర్. "నేనేమైనా అన్నానా?"

"చూడు, ఈ పిల్ల ఏడుస్తోంది," అన్నాడు హఫ్లిది. "ఏమ్మాయ్, ఏంటది?"

"కళ్ళలో నీళ్ళు పడ్డాయి," అంది దార్తా.

హఫ్లిది చుట్టూ ఉన్న నీళ్ళని చూశాడు, పైనుంచి పడుతున్న వానని చూశాడు, ఆమె మొహం చూశాడు. నమ్మలేదు, అయినా అతను సముద్రమ్మీద నలభై ఏళ్ళు ఉన్నవాడు, నీళ్ళ గురించి ఎవరితోనూ వాదించడు. స్టేన్‌వోర్ మాత్రం నీళ్ళ కిందనుంచి చెయ్యి చాపి ఆమె మోచెయ్యి పట్టుకుంది, తప్పితే తప్పావు, గది ఎక్కడికీ పోదులే తల్లీ, అద్దె సంగతి తరవాత చూసుకుందాం అని ఏదేదో అంటోంది, దార్తా వింటూ, వినకుండా, ఆ తడి చేతిని అలాగే ఉండనిచ్చింది.

"చలికాలంలో," అంది కాసేపటికి, "పొద్దున ఎన్నింటికి తలుపులు తీస్తారిక్కడ?"

"ఆరున్నరకి," అన్నాడు హఫ్లిది. "నేనైతే ఆరింటికే వచ్చి తలుపు ముందు నిలబడతాను. ఏం, ఎందుకు?"

"ఊరికే," అంది దార్తా. "నాకో చోటు పట్టి ఉంచు."